మొన్న 20 నిమిషాలు పరిగెత్తిన కాళ్ళకు ఇవాళ 5 నిమిషాలు ఎందుకు బరువు?

క్లుప్తంగా

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి అంతా సవ్యంగా సాగుతుండగానే ఒక రోజు ఉన్నట్టుండి కాళ్ళు కదలవు, ఊపిరి ఆడదు. ఇక తమ వల్ల కాదనుకుని చాలామంది అక్కడే మానేస్తారు. నిజానికి ఎక్కువసార్లు తగ్గింది ఫిట్‌నెస్ కాదు, పెరిగింది భారం. ఉక్కపోత, నిద్రలేమి, మొదటి నిమిషంలోనే పెంచేసిన వేగం, పరుగు ప్రణాళిక పట్టికలోనే దాగి ఉన్న పెద్ద మెట్టు ఇవన్నీ ఆ భారంలోకి వస్తాయి. ఒక్క పరుగు చెడితే వేగం తగ్గించి అదే పరుగు మళ్ళీ చేస్తే సరిపోతుంది. వరసగా మూడు నాలుగు చెడితే మాత్రం కారణం ఒంట్లో వెతకాలి.

ఎక్కడ తడబడుతున్నారు

కొత్తవారి కోసం ఉన్న పరుగు ప్రణాళికల్లో అందరికీ తెలిసినది 'కౌచ్ టు 5కె'. అమెరికాకు చెందిన జోష్ క్లార్క్ 1996లో దీన్ని తయారు చేశారు. యాభై దాటిన తన తల్లి కూడా చేయగలిగేలా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని యాప్‌గా ప్రచారంలోకి తెచ్చింది. 9 వారాలు, వారానికి 3 పరుగులు, మొత్తం 27. మొదటి వారంలో ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, ఇలా 8 సార్లు. చివరి వారంలో ఆగకుండా 30 నిమిషాలు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు నడుస్తూ కాసేపు పరిగెడుతూ కనిపించేవారిలో చాలామంది చేసేది ఇదే, లేదా దీన్ని చూసి రాసుకున్న మరో పట్టిక.

ఈ ప్రణాళికలో అందరినీ భయపెట్టేది ఐదో వారం మూడో పరుగు. అంతకుముందు పరుగులో 8 నిమిషాలు పరిగెత్తి, 5 నిమిషాలు నడిచి, మళ్ళీ 8 నిమిషాలు పరిగెత్తినవారిని ఈసారి ఒకేసారి 20 నిమిషాలు పరిగెత్తమంటుంది. చిత్రంగా, ఎక్కువమంది భయపడుతూనే దాన్ని పూర్తి చేసేస్తారు. తట్టుకోలేక పడిపోయేది ఆ తర్వాతి పరుగులో. ఆరో వారం మొదటి పరుగులో 5 నిమిషాలు, 8 నిమిషాలు, మళ్ళీ 5 నిమిషాలు పరుగు, నడుమ మూడేసి నిమిషాల నడక. చూడటానికి విశ్రాంతిలా ఉంటుంది. చేస్తే మాత్రం నరకంలా ఉందని చెప్పేవారే ఎక్కువ.

పట్టికను కూడి చూస్తే

ఇందులో సగం చిక్కు లెక్కలోనే ఉంది. నడకను పక్కన పెట్టి పరిగెత్తే నిమిషాలు మాత్రమే కూడితే మొదటి వారంలో రోజుకు 8 నిమిషాలు వస్తాయి. రెండో వారంలో 9, మూడో వారంలోనూ 9. నాలుగో వారంలో ఒక్కసారిగా 16. అంటే మూడు వారాల పాటు దాదాపు కదలకుండా ఉన్న పరుగు భారం నాలుగో వారంలో 75 శాతం కంటే ఎక్కువే పెరుగుతోంది. ప్రణాళిక మొత్తంలో ఇంత పెద్ద మెట్టు మరొకటి లేదు. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. పట్టికలో అది '3 నిమిషాలు, 5 నిమిషాలు' అని చిన్న ముక్కలుగా కనిపిస్తుంది కాబట్టి.

అందరూ భయపడే ఐదో వారం మూడో పరుగు సంగతి చూస్తే, అంతకుముందు పరుగులో 8, 8 కలిపి 16 నిమిషాలు పరిగెత్తారు, ఇప్పుడు 20. పెరిగింది 4 నిమిషాలే. విరామం లేకపోవడం కొత్త సంగతే గాని, కాళ్ళ మీద పడే బరువు పెద్దగా మారలేదు. ఆరో వారం మొదటి పరుగులో 18 నిమిషాలు. అది తగ్గుదలే. మరి తగ్గినది ఎందుకు కష్టమవుతోంది?

మొదటి మూడు నిమిషాల సంగతి

పరుగు మొదలైన క్షణంలోనే కండరాలకు శక్తి కావాలి. ఆక్సిజన్ మాత్రం ఆ క్షణంలోనే అందదు. గుండె వేగం పెరగాలి, ఊపిరి లోతవ్వాలి, కాళ్ళలోని రక్తనాళాలు విచ్చుకోవాలి. అలవాటు లేని ఒంటికి ఇదంతా కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతవరకు కండరాలు తమలో ఉన్న నిల్వలతో, ఆక్సిజన్ లేకుండా శక్తిని తయారు చేసుకునే దారితో నెట్టుకొస్తాయి. ఆ తేడా తర్వాత తీర్చాల్సిన అప్పు. మొదటి నిమిషంలో హాయిగా అనిపించి, రెండో నిమిషం చివర్లో ఆయాసం ముంచుకొచ్చి, మూడో నిమిషంలో ఆగిపోదామనిపించి, నాలుగో నిమిషం దాటాక ఊపిరి ఒక తాళానికి రావడం చాలామందికి అనుభవమే.

20 నిమిషాల పరుగులో ఈ కష్టకాలం 3 నిమిషాలు. మిగతా 17 నిమిషాలు కుదురుకున్న పరుగు. 5 నిమిషాల విడతలో అదే 3 నిమిషాలు సగానికి పైనే. ఊపిరి తాళానికి వచ్చేలోపే యాప్ 'ఇక నడవండి' అంటుంది. మూడు విడతలు అంటే మూడు మొదళ్ళు. కండరాలు వేడెక్కి ఉంటాయి కాబట్టి రెండో, మూడో మొదలు మొదటి దానంత గట్టిగా ఉండవు. అయినా కుదురుకున్న పరుగు వాటా తక్కువే. అంటే ఆ రోజు ఒంటికి చేతకానిది ఏదీ లేదు, సుఖమైన భాగం రాకముందే ఆపించేస్తున్నారంతే.

దీనికి తోడు మనసు చేసే పని ఒకటుంది. 20 నిమిషాలు ముందున్నాయంటే ఎవరైనా నెమ్మదిగానే మొదలుపెడతారు. 5 నిమిషాలే కదా అనుకుంటే తెలియకుండానే వేగం పెరుగుతుంది. కిలోమీటరుకు 9 నిమిషాల వేగంతో 20 నిమిషాలు సాఫీగా సాగినవారు ఇక్కడ 7 నిమిషాల వేగంతో మొదలుపెట్టి, రెండో విడతకే చేతులెత్తేస్తారు. పట్టికలో నిమిషాలు రాసి ఉంటాయి, వేగం రాసి ఉండదు. కొత్తవారి చెడ్డ పరుగుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ఖాళీ నుంచే పుడతాయని చెప్పినా తప్పు లేదు.

ఉక్కపోతకు పట్టికలో గడి లేదు

చల్లని దేశాల్లో ప్రాచుర్యం పొందిన ప్రణాళికను మే నెలలో విజయవాడలో చేస్తే ఏమవుతుందన్నది తెలుగువారికి నిజంగా ముఖ్యమైన ప్రశ్న. పరుగులో ఒళ్ళు ఖర్చు చేసే శక్తిలో ముందుకు కదలడానికి పనికొచ్చేది నాలుగో వంతో ఐదో వంతో. మిగిలిందంతా వేడి. ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్ళాలి. అదే రక్తం కాళ్ళకూ కావాలి. ఇద్దరికీ సర్దడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. చెమట పోతున్నకొద్దీ రక్తంలో నీరు తగ్గి, ప్రతి కొట్టుకూ పంపే రక్తం తగ్గుతుంది, గుండె వేగం మరింత పెరుగుతుంది. అందుకే ఎండాకాలంలో వేగం ఏమాత్రం పెంచకపోయినా వాచ్‌లో గుండె వేగం నిమిష నిమిషానికీ పైకి పాకుతూ కనిపిస్తుంది. అది వాచ్ తప్పు కాదు, గుండె జబ్బూ కాదు.

ఇక్కడ కోస్తాకూ తెలంగాణకూ తేడా ఉంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే చెమట ఆరకుండా మోచేతి చివర నుంచి బొట్టుబొట్టుగా రోడ్డు మీద రాలితే నీరూ ఉప్పూ పోయినట్టేగాని చల్లదనం రాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల మే, జూన్‌లలో తెల్లవారుజామున జరిగేది అదే. బనియన్ పిండితే నీళ్ళు కారతాయి, ఒళ్ళు మాత్రం సెగలు కక్కుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లోనో రామగుండంలోనో పొడిగాలి ఉన్నప్పుడు చెమట వెంటనే ఆరిపోతుంది. అక్కడి ప్రమాదం వేరు. చెమట పట్టలేదనుకుని నీళ్ళు తాగకపోవడం.

తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కాబట్టి సులువుగా ఉండాలన్న లెక్క కూడా సగమే నిజం. ఉష్ణోగ్రత తక్కువగా ఉండే ఆ సమయంలోనే గాలిలో తేమ శాతం ఎక్కువ. ఎండ లేకపోవడం పెద్ద లాభమే కాబట్టి మొత్తం మీద ఉదయమే మేలు. కానీ జనవరి ఉదయాన్నీ జూన్ ఉదయాన్నీ ఒకే గడియారంతో కొలవకూడదు. లండన్‌లో ఏడో వారం చేస్తూ సెలవులకు గుంటూరు వచ్చిన విద్యార్థి మొదటి పరుగులోనే పది నిమిషాలకు ఆగిపోతే, ఏడు వారాల కష్టం పోయినట్టు కాదు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ఆ రెండు వారాలూ పరుగు నిడివి తగ్గించుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

హైదరాబాద్‌లో మరొకటి ఎత్తుపల్లాలు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ దారుల్లో, ఫ్లైఓవర్ల మీద అదే వేగం పట్టుకోవాలని చూస్తే ఆయాసం రెట్టింపవుతుంది. చదునైన చోట ఆరు వారాలు చేసి ఏడో వారం దారి మార్చినవారికి ఆ మార్పే చాలు. చలికాలం ఉదయాల్లో నేలకు దగ్గరగా నిలిచిపోయే పొగ, దుమ్ము కూడా ఊపిరిని బరువెక్కిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి మరీను.

గుండె ముందు, ఎముక తర్వాత

ఒంట్లోని భాగాలన్నీ ఒకే వేగంతో మారవు. రక్తం పరిమాణం, గుండె పనితీరు కొద్ది వారాల్లోనే మెరుగుపడతాయి. కండరాల్లో సన్న రక్తనాళాలు పెరగడానికి ఇంకొన్ని వారాలు కావాలి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. దీని ఫలితం నాలుగో వారానికో ఐదో వారానికో బయటపడుతుంది. ఊపిరి 'ఇంకా పరిగెత్తవచ్చు' అంటుంది, మోకాలి కింద ముందరి ఎముక పక్కన మాత్రం సన్నగా నొప్పి మొదలవుతుంది. దమ్ము పెరిగిందన్న ఉత్సాహంలో వారానికి మూడు పరుగులను ఐదు చేసినవారే ఎక్కువగా ఇక్కడ చిక్కుకుంటారు. విరామం రోజు కూడా ప్రణాళికలో భాగమే. కండరం బలపడేది ఆ రోజునే.

కొత్త భారం పడిన మర్నాటి నుంచి మూడో రోజు వరకు కండరాలు పట్టేసి ఉండటం మామూలు. ఆ నొప్పి రెండు కాళ్ళలోనూ, పిక్క అంతా పరుచుకుని ఉంటుంది. కాసేపు నడిస్తే తగ్గుతుంది. ఒక్క కాలిలో, వేలు పెట్టి చూపించగలిగినంత చిన్న చోట, ఎముక మీద నొక్కితే చురుక్కుమనే నొప్పి వేరు. నడిచినకొద్దీ పెరిగేది అసలే వేరు. దాన్ని పరిగెత్తి పోగొట్టుకోవచ్చని అనుకోకూడదు.

ఆఫీసులో కూర్చున్నా కాళ్ళు అలసిపోతాయా

సాయంత్రం పరిగెత్తేవారిలో ఈ సందేహం తరచుగా కనిపిస్తుంది. రోజంతా కుర్చీలోనే ఉన్నాం, కాళ్ళు అలసిపోయే పనేమీ చేయలేదు, అయినా రెండో నిమిషానికే నీరసం. వ్యాయామ శాస్త్ర పరిశోధకుడు సామ్యుయేలే మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం దీనికి కొంత జవాబు చెబుతుంది. 16 మందితో ఒకసారి 90 నిమిషాలు గట్టిగా మనసు పెట్టాల్సిన పని చేయించి, మరోసారి అంతసేపు డాక్యుమెంటరీలు చూపించి, తర్వాత ఓపిక ఉన్నంతసేపు సైకిల్ తొక్కించారు. మెదడు అలసిన రోజున వాళ్ళు ముందుగానే ఆపేశారు. గుండె, ఊపిరి, కండరాల కొలతల్లో ఆ తేడాకు కారణం కనిపించలేదు. మారింది 'ఎంత కష్టంగా ఉంది' అన్న అంచనా. మొదటి నిమిషం నుంచే వాళ్ళకు కష్టం ఎక్కువగా అనిపించింది.

కాబట్టి నెలాఖరు టెన్షన్‌లో, రెండు గంటల ట్రాఫిక్ తర్వాత చేసిన పరుగు బరువుగా ఉందంటే అది బద్ధకం కాదు, ఊహ కూడా కాదు. తక్కువ నిద్ర కూడా ఇలాగే పనిచేస్తుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు తిని, రాత్రి ఏడున్నరకు ఖాళీ కడుపుతో పరిగెత్తడం దీనికి తోడైతే చెప్పక్కర్లేదు. బయలుదేరే ముందు గంటకో అరగంటకో ఒక అరటిపండు తింటే తేడా తెలుస్తుంది. నిండుగా భోంచేసి వెంటనే పరిగెడితే డొక్కలో పోటు వస్తుంది, అది ఇంకో రకం కష్టం.

ఒంట్లోనే కారణం ఉన్నప్పుడు

ఒక్క రోజు చెడటం వేరు, రెండు వారాలుగా ఏ పరుగూ సాగకపోవడం వేరు. రెండోది స్త్రీలలో కనిపిస్తే ముందుగా చూడాల్సింది హిమోగ్లోబిన్. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది సగానికి పైనే. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబినే. అది తక్కువైతే ఇంట్లో పనులకు సరిపోయే దమ్ము పరుగుకు సరిపోదు. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో హిమోగ్లోబిన్ గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాముల కంటే, పురుషుల్లో 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తారు. తేలికైన రక్తపరీక్షతో తేలే సంగతి ఇది. సంకల్పబలం లేదని నెలల తరబడి తమను తాము నిందించుకునేవారు ఒక్కసారి పరీక్ష చేయించుకోవడం ఎంతో అవసరం. భోజనం కాగానే కాఫీ, టీ తాగే అలవాటు ఆహారంలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

నెలసరికి ముందు రోజుల్లో శరీర ఉష్ణోగ్రత కొద్దిగా పెరుగుతుంది. ఉక్కపోత కాలంలో ఆ కొద్దిపాటి తేడా కూడా తెలుస్తుంది. నెలలో ఒకే వారం ఎప్పుడూ బరువుగా ఉంటోందంటే క్యాలెండర్ చూస్తే అర్థమవుతుంది.

వైరల్ జ్వరాలు మరో కారణం. జ్వరం ఉండగా పరిగెత్తకూడదు. తగ్గిన వెంటనే పాత వారం నుంచి అందుకోవాలని చూడటం కూడా మంచిది కాదు. డెంగీ తర్వాత నీరసం కొన్ని వారాలు, చికున్‌గున్యా తర్వాత కీళ్ళ నొప్పులు కొన్ని నెలలు ఉండవచ్చు. ఉదయం మంచం దిగకముందే నాడి చూసుకోవడం ఇలాంటప్పుడు పనికొస్తుంది. రోజూ ఉండేదానికంటే నిమిషానికి 5 నుంచి 10 ఎక్కువగా ఉంటే ఒళ్ళు ఇంకా ఏదో పనిలో ఉందని అర్థం.

కొన్ని గుర్తులకు వివరణ వెతుక్కోకుండా వెంటనే ఆగాలి. ఛాతీలో నొప్పి లేదా బిగపట్టినట్టుండటం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, గుండె తాళం తప్పి కొట్టుకోవడం. ఎండలో పరిగెడుతూ మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నలభై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు ప్రణాళిక మొదలుపెట్టే ముందే డాక్టరును కలవడం మంచిది.

ఆ రోజున చేయగలిగింది

పరుగు మధ్యలో కష్టం మొదలైనప్పుడు పనికొచ్చే కొలత వాచ్ కాదు, మాట. పక్కన ఎవరైనా ఉన్నట్టు ఒక పూర్తి వాక్యం పలకాలి. రెండు మాటలకే ఊపిరి తెగిపోతుంటే వేగం ఎక్కువన్నమాట. అప్పుడు అడుగు చిన్నది చేసి, పక్కన వేగంగా నడిచేవారు దాటిపోయినా సరేననుకునేంత నెమ్మదిగా పరిగెత్తాలి. పేరులో 5 కిలోమీటర్లని ఉండటం ఇక్కడ చేటు చేస్తోంది. చివరి వారం లక్ష్యం 30 నిమిషాలు మాత్రమే. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున పరిగెత్తేవారు ఆ 30 నిమిషాల్లో 3.75 కిలోమీటర్లు వెళతారు. ప్రణాళిక ప్రకారం అది పూర్తయినట్టే.

అప్పటికీ సాగకపోతే ఒక నిమిషం నడిచి మళ్ళీ అందుకోవచ్చు. ఇంటికి చేరాక ఆ తేదీ పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవాలి. ఎన్ని గంటలకు, ఎంత ఉక్క, రాత్రి ఎంత నిద్ర, ముందు ఏం తిన్నారు. 'చెడ్డ పరుగు' అని మాత్రమే రాస్తే నెల తర్వాత అది దిగులు తప్ప ఇంకేమీ చెప్పదు. ఆ నాలుగు ముక్కలూ ఉంటే ఏ రకం రోజులు చెడుతున్నాయో దానంతటదే కనిపిస్తుంది.

అదే పరుగు మళ్ళీ చేయాలా, ముందుకెళ్ళాలా అన్నది తర్వాతి ప్రశ్న. వేడి, నిద్ర, తిండి లాంటి కారణం స్పష్టంగా ఉంటే, విడతలు ఎలాగో పూర్తయి ఉంటే ముందుకెళ్ళవచ్చు. కారణం తెలియకుండా సగంలో ఆగిపోతే ఒక రోజు విరామమిచ్చి అదే పరుగు మళ్ళీ చేయాలి. నాలుగో వారాన్ని రెండు వారాలు చేయడంలో తప్పేమీ లేదు. పైన చూసినట్టు అక్కడి మెట్టే అంత ఎత్తుది. 9 వారాలు 12 అయినంత మాత్రాన ఒంటికి అందాల్సింది ఏదీ తగ్గదు.

ఆరో వారం మొదటి పరుగు విషయంలో మాత్రం ఆలోచించాల్సింది ఇంకొకటుంది. దాని తర్వాత రెండో పరుగు 10 నిమిషాలు, నడక, 10 నిమిషాలు. అక్కడితో ప్రణాళికలో నడక విరామాలు అయిపోతాయి. ఆ వారం మూడో పరుగు నుంచి 25, 28, 30 నిమిషాలు, అన్నీ ఏకబిగినే. నడిచి ఊపిరి తీసుకునే అవకాశం ఉండగానే, మొదటి మూడు నిమిషాలు ఎంత నెమ్మదిగా పరిగెత్తితే నాలుగో నిమిషంలో ఊపిరి తాళానికి వస్తుందో కనిపెట్టుకోవడానికి ఆ 5, 8, 5 విడతలు బాగా పనికొస్తాయి. మొదటిసారి చెడినా, ఒక రోజు ఆగి వాటిని ఆ పని కోసమే మళ్ళీ చేయవచ్చు.